మూతపడని పదకొండు నెలలు

ఫిబ్రవరి 3

అన్నయ్యకు వందనాలు.

నా చేతిరాత ఉన్న కవరు చూడగానే నువ్వు వదినను పిలిచి "ఎవరికేమైందో చూడు" అంటావని తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనులో నీ గొంతు ముందు నా గొంతు నిలవదు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను. మొన్న కూడా చెప్పబోయాను. నువ్వు "ముందు అచ్చుతప్పులు చూడు గుసగుసమ్మా" అన్నావు, నేను "సరే అన్నయ్యా" అన్నాను. ఫోను పెట్టేశాక చెప్పాల్సిందంతా వంటింటి గోడకు చెప్పాను. గోడ చక్కగా విన్నది. కానీ మన మందిరం నూరేళ్ళ చరిత్ర రాస్తున్నది గోడ కాదు, నువ్వు.

నీ కొత్త మోకాలు ఎలా ఉంది? వదిన మాట విను.

నువ్వు పంపిన ప్రతి అంతా చదివాను. మొదటి కూడిక గూడ్సు షెడ్డులో గోనెసంచుల మీద కూర్చుని జరిగిందన్న చోట రెండుసార్లు ఆగాను. మొదటి పాస్టరుగారు సైకిలు వెనక హార్మోనియం కట్టుకుని వస్తుంటే కుక్కలు వెంటపడిన సంగతి వదినకు చదివి వినిపించు, నవ్వుతుంది. పద్దెనిమిదో పేజీలో గంట "దానముగా లభించెను" అని రాశావు. దానం కాదు, నూలు మిల్లు మూతపడినప్పుడు మనవాళ్ళు తుక్కులోంచి ఏరి తెచ్చుకున్నారు. అందుకే ఇప్పటికీ దగ్గినట్టు మోగుతుంది.

ఇక ముప్ఫై ఒకటో పేజీ. "ఆ సంవత్సరము పాస్టరును నియమించలేకపోయినందున మందిరము పదకొండు నెలలు మూతపడి ఉండెను." అన్నయ్యా, ఇది అచ్చుతప్పు కాదు, తప్పు. మందిరం ఒక్క ఆదివారం కూడా మూతపడలేదు. తాళంచెవి అమ్మ మెడలో నాడాకు వేలాడుతుండేది. అమ్మ తలుపు తీసేది, నేను గంట కొట్టేదాన్ని. అమ్మే పాఠం చదివి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసేది. పుల్పిట్‌కు మూడు మెట్లున్నాయి కదా, మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. కింద నేల మీదే నిలబడింది.

అమ్మ పేరు రాయక్కర్లేదు. "బట్టలు కుట్టే ఒకామె నడిపించెను" అన్నా చాలు. మూతపడిందని మాత్రం రాయకు.

నీ చెల్లెలు

*

ఫిబ్రవరి 11

చెల్లెమ్మకు దీవెనలు.

నువ్వన్నట్టే మీ వదినను కేకేశాను. తను చేతిలో గరిటెతోనే వచ్చింది. ఏమీ కాలేదని తెలిశాక ఆ గరిటెతో నన్ను కొట్టబోయింది. డాక్టరు మోకాలు రోజుకు ముప్ఫైసార్లు మడవమన్నాడు, ఈమె లెక్కలో ముప్ఫై అంటే నలభై. నలభై ఏళ్ళు మోకరించి మోకాలు అరిగిపోయిందని డాక్టరుతో గొప్పగా చెప్పుకున్నాను. "కాదండి, బరువెక్కువై" అన్నాడు. అంతటితో నా పరిశుద్ధత తేలిపోయింది. పండగ రోజుకు ప్రయాణం కుదరదని కూడా తేల్చేశాడు. నేను లేకుండానే మీరు నూరేళ్ళు చేసుకోవాలి.

గంట సంగతి సరిచేశాను. ముప్ఫై ఒకటో పేజీ మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకో విను. సంఘం మినిట్స్ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీదుంది. ఆ ఏడాది చివర "పదకొండు నెలలు మందిరం మూసి ఉంది" అని స్పష్టంగా రాసి ఉంది. కింద సంతకం అప్పట్లో మన ప్రాంతపు సంఘాలన్నీ చూసే సూపరింటెండెంటుగారిది. ఆ వాక్యం రాసిన చేయి ఎవరిదో తెలుసా? అమ్మది. కొలతల పుస్తకంలో మనం రోజూ చూసిన ఆ గుండ్రటి అక్షరాలే. అమ్మ మినిట్స్ పుస్తకంలో అబద్ధం రాస్తుందా? నువ్వే చెప్పు.

ఆ ఏడాదంతా నేను పట్నంలో చదువుకుంటూ ఊళ్ళో లేను, నిజమే. కానీ నీకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంట్లో జరిగిన ప్రార్థనలు మందిరంలో జరిగినట్టు మనసులో కలిసిపోయి ఉంటాయి. పైగా సొంత తల్లికి పెద్దపీట వేసుకున్నాడని నన్నంటారు. నీ ప్రేమ నాకర్థమైంది. ఇక వదిలెయ్.

ఇంకో మాట. మన కమిటీ అధ్యక్షుడు, అదే, కలప డిపో ఆయన, ప్రభువు బల్ల ముందు కటకటాల దగ్గరికి కొత్త స్పాంజి మెత్తలు ఇస్తున్నాడు. జనం మోకరించే ఆ పాత మెత్తలు ఆరూ ఎలుకలు కూడా కాపురం పెట్టనట్టున్నాయి. తీసి పారేయించు.

ప్రేమతో, అన్నయ్య

*

ఫిబ్రవరి 17

అన్నయ్యకు,

నాకు ఎనిమిదేళ్ళే. ఎనిమిదేళ్ళవాళ్ళకు కళ్ళుండవా?

వానాకాలంలో ఒక ఆదివారం సరిగ్గా అమ్మ నిలబడే చోటే కప్పు కారింది. రేకుల తాత లేచి వెళ్ళి, పాఠం అయ్యేదాకా అమ్మ మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. కప్పుకు రేకులు వేసింది తనేనని సిగ్గుతో తల దించుకుని పట్టుకున్నాడు. మేమందరం నవ్వాపుకోలేక పుస్తకాల్లో మొహాలు దాచుకున్నాం. ఇంట్లో ప్రార్థనకు ఎవరైనా గొడుగు పడతారా? తాత ఇంకా బతికే ఉన్నాడు. అడుగు.

అమ్మ అబద్ధం రాస్తుందా అన్నావు. రాసింది. ఆ పూట నేను ఆ గదిలోనే ఉన్నాను. ఎందుకు రాసిందో నీకు తెలియకపోతే నేను చెప్పలేను. తెలిసే అడుగుతుంటే చెప్పక్కర్లేదు.

నేను ఎవరికీ పీట వెయ్యమనలేదు. నిలబడిన మనిషిని నిలబడిందని రాయమంటున్నాను, అంతే.

ఇక్కడ అందరూ క్షేమం. కుట్టుమిషను బెల్టు తెగింది, కొత్తది వేయించాను.

చెల్లెలు

*

ఫిబ్రవరి 24

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "తెలిసే అడుగుతుంటే" అన్నావు. అంటే నేను దాస్తున్నానని. నలభై ఏళ్ళు పుల్పిట్ మీద నిలబడినవాణ్ణి, సొంత చెల్లెలి చేత ఈ మాట పడ్డాను. మినిట్స్ పుస్తకంలో నేనేమైనా చించానా, దిద్దానా? కావాలంటే వచ్చి చూసుకో.

నీ సాక్షికి ఫోను చేశాను. మనవరాలు చెవి దగ్గర పెట్టింది. ఆయనకిప్పుడు తొంభై. ఆ పదకొండు నెలలు మందిరం తెరిచి ఉందా తాతా అని అడిగాను. "మీ అమ్మ బాగా కుట్టేదయ్యా" అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే జవాబు. పాపం, పెద్దతనం. దీన్ని పట్టుకుని నేను చరిత్ర రాయాలా?

కలప డిపో ఆయనకు కూడా చెప్పి చూశాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. "రాతలో ఉంటే చూపించండి, వేస్తాం. నోటిమాటలు వేస్తే రేపు ఊళ్ళో ప్రతివాడి అమ్మా పాస్టరే అవుతుంది" అన్నాడు. మాట మొరటుదే గానీ అబద్ధం కాదు. పుస్తకం మార్చి పదిహేనున ప్రెస్సుకు వెళ్తుంది. రాతలో ఉందా? ఉంటే పంపు. లేకపోతే ఈ మాట ఇంతటితో ఆపు.

అన్నయ్య

*

మార్చి 5

అన్నయ్యకు వందనాలు.

నీకు కోపం వచ్చింది. రానీ. నా మాటను నువ్వు ఎలా తీసుకున్నావో అర్థమైంది. నేను నీమీద నింద వేయలేదు. ఎందుకలా అన్నానో తర్వాత చెప్తాను. ముందు ఇది చదువు.

ఆ మెత్తలు పారేయమన్నావు. దూది పారేసే మనిషినా నేను? ఏకుదామని ఆరింటినీ ఇంటికి తెచ్చి, అమ్మ కత్తిరింపు బల్ల మీద పెట్టి విప్పాను. పైన మెరూన్ రంగు తొడుగు. అది మన ఇంతకుముందు పాస్టరుగారి కాలంలోది. దాని కింద ఆకుపచ్చ. దాని కింద పూల గుడ్డ, అది నా పెళ్ళినాటిది. ఏ హయాంలోనూ పాతది విప్పలేదు, దానిమీదే కొత్తది తొడిగి అంచు కుట్టేసి చేతులు దులుపుకున్నారు. బద్ధకం కూడా ఒక్కోసారి మేలే చేస్తుంది. అన్నిటికన్నా అడుగున నీలం రంగు దళసరి గుడ్డ వచ్చింది. అది అమ్మ కుట్టిన అసలు మెత్త. దాన్ని బోర్లించాను.

అడుగువైపు ఎర్రదారంతో వరసలు. ఒక్కో వరసకు తేదీ, పక్కన పాఠం ఉన్న బైబిలు పుస్తకం పేరులో మొదటి అక్షరం, అధ్యాయం అంకె. "లూ 18." "యె 43." ఒక్కో మెత్త మీద ఎనిమిది వరసలు. ఆరో మెత్త మీద ఏడే. మొత్తం నలభై ఏడు. క్యాలెండరు వెతికి లెక్కవేసి చూసుకో. పదకొండు నెలలకు ఎన్ని ఆదివారాలో.

ఎవరో తర్వాత కుట్టారంటావేమో. గొలుసు కుట్టు చూడు, ప్రతి గొలుసూ ఎడమకు తిరిగి ఉంది. బళ్ళో బెత్తంతో కొట్టి అమ్మ చేత కుడిచేత్తో రాయించారు గానీ సూది మాత్రం చచ్చేదాకా ఎడమచేతిలోనే ఉంది. ఈ ఊళ్ళో అలా కుట్టే చెయ్యి ఇంకొకటి లేదు. మినిట్స్‌లో కుడిచెయ్యి రాసింది నువ్వు చూశావు. ఎడమచెయ్యి ఏం చేసిందో నేను చూశాను.

పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే కుట్లన్నీ పడ్డాయి. ఆరు కాగితాలూ ఇందులో పెడుతున్నాను. రాతలో చూపించమన్నావు. చూడు.

గుసగుసమ్మ

*

మార్చి 14

నా చెల్లెమ్మకు,

ఆ కాగితాలు మంచం మీద పరుచుకుని పక్కనే పాఠాలు తెరిచి ఒక్కొక్కటే చదివాను. మీ వదిన భోజనానికి పిలిచి పిలిచి తనే వచ్చి పక్కన కూర్చుంది. "లూ 18" అంటే న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం తెచ్చుకున్న విధవరాలి పాఠం. నాన్న పోయాక ఆరేళ్ళు, మిషనూ ఇద్దరు పిల్లలూ. ఆ పాఠం అమ్మ ఎలా చెప్పి ఉంటుందో వినాలనిపించింది. నలభై ఏళ్ళలో దాని మీద నేను ఇరవైసార్లు ప్రసంగించి ఉంటాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

కమిటీకి ఫోను చేశాను. మొదట అడిగాను, తర్వాత అరిచాను. కలప డిపో ఆయన "దారం రికార్డు కాదు సార్" అన్నాడు. చివరికి ఒప్పుకున్నదేమిటంటే "మూతపడి ఉండెను" తీసేసి "పాస్టరు లేకయే పదకొండు నెలలు గడిచెను" అని వేస్తారు. ఇంతకన్నా నాచేత కాలేదు. చిన్నదే గానీ అబద్ధమైతే పోయింది. క్షమించు.

ఇప్పుడు నువ్వు నాకొకటి చెప్పాలి. మినిట్స్‌లో అమ్మ రాసిన వాక్యం కింద తేదీ ఉంది. నన్ను సేవకు సిఫారసు చేస్తూ సూపరింటెండెంటుగారు ఇచ్చిన కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఈ ఉదయం తీసి చూశాను. అదే తేదీ.

చెప్పలేనని నువ్వన్నది దీన్ని గురించేనా? అమ్మ ఎందుకు రాసింది?

అన్నయ్య

*

ఏప్రిల్ 20

అన్నయ్యకు వందనాలు.

నెల దాటినా జవాబు రాయలేదని వదిన చేత రెండుసార్లు ఫోను చేయించావు. పండగ అయ్యాక రాస్తానన్నాను. నిన్న అయింది.

"మూతపడి ఉండెను" తీయించావు. సంతోషం. కానీ నెలలు వాటంతటవే గడవవు అన్నయ్యా. తలుపు ఎవరో ఒకరు తీయాలి. ఆ ముక్క పుస్తకంలో పట్టలేదు కాబట్టి వేరే చోట పెట్టాను.

నిన్న ఉదయం అందరికన్నా ముందు నేనే తలుపు తీశాను. కొత్త స్పాంజి మెత్తలు కటకటాల ముందు ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. వాటిని పక్కగదిలో పెట్టి, అమ్మ మెత్తలు ఆరూ తెచ్చి పరిచాను. ఉతికి, ఎండబెట్టి, దూది ఏకి మళ్ళీ నింపాను. పాత తొడుగుల్లేవు. నీలం గుడ్డ, ఎర్రకుట్లు పైకి.

కలప డిపో ఆయన గంధపురంగు కోటు వేసుకుని వచ్చాడు. చూశాడు. దగ్గరికొచ్చి, పెద్దలందరూ వస్తున్నారు, ఈ పాతవి తీయించమ్మా అన్నాడు. నేను కదల్లేదు. పోనీ తిరగేసి వెయ్యి, ఆ దారాలు కనబడకుండా అన్నాడు. నా గొంతు నీకు తెలుసు కదా. నిన్న కూడా అంతే వచ్చింది. కానీ మందిరం ఖాళీగా ఉండటం వల్ల బాగానే వినబడింది.

"అయ్యా, ఇవి కుట్టినామె కూతుర్ని. ఏ వైపు పైకి ఉండాలో నాకు తెలుసు. కొత్తవి వచ్చే వారం వేసుకోండి. ఇవాళ నూరేళ్ళ పండగ. ఆ నూరేళ్ళలో ఈ పదకొండు నెలలూ ఉన్నాయి."

ఆయన పాస్టరుగారి వైపు చూశాడు. మన పాస్టరుగారు కుర్రాయన, వచ్చి ఏడాది కాలేదు. వంగి మొదటి వరస చదివాడు, రెండో వరస చదివాడు. నలభై ఏడూ చదివాకే లేచాడు. "ఉండనివ్వండి సార్" అన్నాడు. అంతే.

బల్ల దగ్గరికి జనం వరసగా వచ్చి మోకరించారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరు మోకాలు పక్కకు జరిపి చూశారు. ఇంకొకరు వేలు పెట్టి తడిమారు. మోకరించిన వాళ్ళు త్వరగా లేవలేదు, వరస వాకిలి దాకా ఆగిపోయింది. రేకుల తాతను మనవరాలు నడిపించుకు వచ్చింది. ఆయన మోకరించలేడు, మెత్త మీదే కూర్చున్నాడు. వేళ్ళతో కుట్లు తడుముతూ తడుముతూ ఒక వరస దగ్గర ఆగాడు. "ఇదే గొడుగు పట్టిన రోజు" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అన్నకు ఫోనులో చెప్పాను కదమ్మా, బాగా కుట్టేదని. అర్థం చేసుకోలేదా? మినిట్స్ పుస్తకంలో ఏదీ రాయొద్దని సూపరింటెండెంటుగారు మొదట్లోనే చెప్పి వెళ్ళాడు. నేనడిగాను, మరెలా అమ్మా అని. రాయొద్దన్నారు గానీ కుట్టొద్దనలేదు కదా అంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది."

ఒట్టు తప్పకుండా నీకు జవాబు చెప్పాడన్నమాట ఆయన. పెద్దతనమని మనం జాలిపడ్డాం.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. అందరికీ చెప్పాను, అమ్మ నడిపిందని, ఇవి ఆమె పెట్టిన లెక్కలని. ఒకామె నోట్సులో రాసుకుంది. కలప డిపో ఆయన భార్య ఆ కుట్టు నేర్పమంది. మందిరంలో ఉంచే చరిత్ర పుస్తకంలో ముప్ఫై ఒకటో పేజీ అంచుకు నేనే ఎర్రదారంతో ఒక కుట్టు వేశాను. ఇదేమిటని అడిగేవాళ్ళు అడుగుతారు. అడిగిన ప్రతివాళ్ళకూ చెప్తాను. మెత్తలు ఇక తిరగెయ్యను, తొడుగు వెయ్యను. కావాలంటే కమిటీ తీర్మానం చేసుకోమను.

ఇక నువ్వడిగింది.

ఆ మధ్యాహ్నం సూపరింటెండెంటుగారు మినిట్స్ పుస్తకం పట్టుకుని మనింటికి వచ్చారు. కత్తిరింపు బల్ల మీద అమ్మ గుడ్డ పక్కకు జరిపి చోటు చేసింది. నేను బల్ల కింద అయస్కాంతంతో గుండుసూదులు ఏరుతున్నాను. ఆయన చెడ్డమనిషి కాదు, మెల్లగానే మాట్లాడారు. వచ్చే వారం కొత్త పాస్టరు వస్తున్నారు, ఆడమనిషి అనుమతి లేకుండా ఆరాధన నడిపిందని పైవాళ్ళ దృష్టికి వెళ్తే ఆ ఇంటి కొడుకును నేనెలా సిఫారసు చేసేది, మూసి ఉందని మీ చేత్తోనే రాయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నారు.

అమ్మ ఒక్కటే అడిగింది. "మా అబ్బాయి కాగితం తెచ్చారా?"

ఆయన తీసి చూపించారు. అమ్మ చెయ్యి తుడుచుకుని రాసింది. ఆయన వెళ్ళాక బల్ల కిందకు వంగి నాతో, "అన్నయ్యకు చెప్పకు. వాడు పుల్పిట్ ఎక్కినప్పుడల్లా కాళ్ళు వణుకుతాయి" అంది. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నలభై రెండేళ్ళు చెప్పలేదు. నువ్వు "అమ్మ అబద్ధం రాస్తుందా" అన్నప్పుడు కూడా చెప్పలేదు. కమిటీ ముందు చెబితే ఒక్క రోజులో గెలిచేదాన్ని. ఆ ఒక్క ముక్క లేకుండానే గెలవాలనుకున్నాను. గెలిచాను. నువ్వు నలభై ఏళ్ళు చేసిన సేవ ఆ వాక్యం మీద నిలబడిందని అనుకోకు. తలుపు దగ్గర పడ్డ రాయిని అమ్మ పక్కకు జరిపింది, నడిచింది నువ్వే. కాళ్ళు వణకనివ్వకు, అసలే కొత్త మోకాలు.

మెత్తలు సంఘానివి. వాటిని ఎవరైనా చూడొచ్చు, తడమొచ్చు, వాటి మీద మోకరించొచ్చు. ఈ చివరి పేజీలు మాత్రం అమ్మ నీకోసం రాసిన ఆ ఒక్క వాక్యానికి చెందినవి. ఆ సిఫారసు కాగితం ఉన్న పెట్టెలోనే, దాని కిందే పెట్టు. పారేయకు. వదినకు కూడా చూపించకు.

నీ చెల్లెలు